బొమ్మల ముచ్చట: బంతిపూల వంతెన, టిక్కు మార్కు, భీం జెండా

ఈ నెల ఉత్తరాలు మస్తు వచ్చినయి, అన్నిటికీ ఈ పేజీల జాగ సరిపోదు, ఆరింటికి జవాబు రాస్తున్న. కొత్తగ చదివేటోళ్ళ కోసం ఒక మాట, నేను వరంగల్‌ల ఇరవై ఏండ్లు గోడల మీద కంపెనీల ప్రకటనలు, షట్టర్ల మీద షాపుల పేర్లు, టాకీసుల ముంగట సినిమా బ్యానర్లు గీసినోణ్ణి. ఫ్లెక్సీలు వచ్చినంక డ్రాయింగ్ సార్‌నైన. బొమ్మల గురించి నాకు తెలిసిందంత ఆ నిచ్చెన మీద నిలబడి తెలుసుకున్నదే, పుస్తకాలు తర్వాత చదివిన.

*ప్రశ్న: మా చిన్నబిడ్డకు ఏడేండ్లు. సెలవుల్ల వాళ్ళన్నతోని కలిసి 'కోకో' అనే బొమ్మల సినిమా చూసింది. చచ్చిపోయినోళ్ళను బతికున్నోళ్ళు మర్చిపోతే వాళ్ళు ఆ లోకంల గూడ మాయమైపోతరని అందుల ఉన్నదట. అప్పటిసంది రోజు రాత్రి పండుకునేముందు అడుగుతున్నది, మనం మర్చిపోతే నానమ్మ మళ్ళ చచ్చిపోతదా అని. మా అత్తమ్మ పోయి రెండేండ్లయింది. ఏం చెప్పాలె? ఇసొంటి సినిమాలు పిల్లలకు చూపియ్యొచ్చా? – ఒక తల్లి, కాజీపేట*

అక్కా, సినిమా సంగతి తర్వాత, ముందుగాల బిడ్డకు చెప్పాల్సింది చెప్త. మన దిక్కు పెత్తరమాస నాడు బియ్యం ఇస్తం కదా. చాటల బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, మీద పైసలు పెట్టి అయ్యగారికిచ్చేటప్పుడు ఆయన గోత్రం అడిగి, పోయినోళ్ళ పేర్లడుగుతడు. నాయిన పేరు చెప్తం, తాత పేరు చెప్తం, ముత్తాత పేరుకు వచ్చేసరికి ఇంట్ల ఉన్న ముసలోళ్ళ మొఖం చూస్తం. ఆడికి ఆగుతది. మూడు తరాలు, వసు రుద్ర ఆదిత్య రూపాలని అంటరు. నాలుగో తరం పెద్దమనిషి పేరు ఎవ్వరు అడగరు, అంటే ఆయన మాయమైండని కాదు, అందరు పెద్దలల్ల కలిసిండని. ఇంకొక సంగతి, తర్పణం ఇడిసేటప్పుడు తల్లి లేనోళ్ళకు, తండ్రి లేనోళ్ళకు, చుట్టం లేనోళ్ళకు గూడ నీళ్ళు ఇడువుమని మంత్రమే ఉన్నది. ఎవ్వరికి యాదికి లేనోళ్ళకు గూడ ఆ దోసిట్ల వాటా ఉన్నదన్నట్టు. గందుకే బిడ్డకు ఇట్ల చెప్పుండ్రి, నానమ్మను నువ్వు యాది చేసుకుంటే నానమ్మకు సంతోషం, ఒకవేళ ఎన్నడన్న మర్చిపోయినా నానమ్మ యాడికి పోదు, పెద్దోళ్ళందరి దగ్గర ఉంటది అని. ఇది ఊరడించుటానికి అల్లిన మాట కాదు, మన ఇండ్లల్ల పద్ధతే గిది.

ఇగ సినిమా. 2017ల వచ్చింది, పిక్సార్ వాళ్ళు తీసిన్రు, మెక్సికో దేశంల చనిపోయినోళ్ళ పండుగ చుట్టూ అల్లిన కథ. ఆ పండుగల ఇంట్ల పెద్దల ఫొటోలు పెట్టి, తినేటియి పెట్టి, బంతిపూలు పరుస్తరు. సినిమాల ఫొటో పెట్టిన పెద్దలే బంతిపూల రెక్కల వంతెన దాటి ఇంటికి వస్తరు, ఫొటో లేనోళ్ళను ఆ గేటు కాడ ఆపుతరు. మిగేల్ అనే పిలగాడు ఆ లోకంల పడి, ఎవ్వలు ఫొటో పెట్టని హెక్టర్ అనే ఆయనను కలుస్తడు. ఆ హెక్టర్ ఎవరో కాదు, పిలగాని ముత్తవ్వకు నాయిన. ఆయనను యాది పెట్టుకున్న మనిషి లోకం మొత్తం మీద ఒక్కతే మిగిలింది, ఆయన బిడ్డ కోకో, ఆమెకు గూడ ముసలితనంల మతిమరుపు. నాకు ఈడ పానం జల్లుమన్నది, ఎందుకంటే కళ్ళతోని చూసి యాది పెట్టుకునే యాది మూడు నాలుగు తరాలకు మించి పోదన్న లెక్క మన అయ్యగారి నోట్ల ఉన్నది, ఆ సినిమా కథల గూడ ఉన్నది. తేడా ఏందంటే, సినిమాల ఎవ్వరు లేనోళ్ళు రెండోసారి పోతరు, మనకాడ ఎవ్వరు లేనోళ్ళకు గూడ దోసెడు నీళ్ళున్నయి. నా మట్టుకు నాకు మనదే పెద్ద మనసు అనిపిస్తది, కని కథ చెప్పుటానికి వాళ్ళదే గట్టిది, భయం ఉంటెనే కదా పిలగాడు ఉరికేది.

పెత్తరమాస నాడు పొద్దుగాల బియ్యం ఇచ్చినంక పొద్దుమీకి ఏం జేస్తం? ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తం. పొద్దున పోయినోళ్ళ పేర్లు, మాపటికి పూలు, ఒక్కటే రోజు. వెయ్యిస్తంభాల గుడి కాడ ఆ సాయంత్రం నిలబడి చూడుండ్రి, గునుగు, తంగేడు, మధ్యల బంతి. ఆ గునుగు తంగేడు మన చెలకల పువ్వులే, కని బంతిపువ్వు పుట్టిన గడ్డ మెక్సికో దిక్కే, సముద్రం మీద ఓడలల్ల మనకాడికి వచ్చింది. అంటే ఆ సినిమాల వంతెనకు పరిచిన పువ్వు, మీరు తాంబాలంల పేర్చే పువ్వు ఒక్కటే జాతి. రెండు దేశాల ఆడోళ్ళు ఒకళ్ళకొకళ్ళు తెల్వకుండనే దాన్ని పెద్దల పండుగకు తెచ్చుకున్నరు. ఈ ముచ్చట మీ బిడ్డకు బతుకమ్మ పేర్చుకుంట చెప్పుండ్రి, ఆ సినిమా చూసినందుకు మీరు గూడ సంతోషపడ్తరు.

కని ఇంకో సంగతి చెప్పకపోతే నా మనసు ఒప్పది. సినిమా తయారైతున్నప్పుడు, 2013ల, డిస్నీ కంపెనీ ఆ పండుగ పేరునే ట్రేడ్‌మార్కు చేసుకుంటమని అప్లికేషన్ పెట్టింది. బొమ్మలు, తినేటియి, గట్ల అమ్ముకునే సామాను మీద ఆ పేరు వాళ్ళదే కావాలన్నట్టు. మెక్సికో మూలాలున్నోళ్ళు భగ్గుమన్నరు, లాలో అల్కరాజ్ అనే కార్టూనిస్టు కంపెనీ ఎలుకను అస్థిపంజరం లెక్క గీసి కార్టూనేసిండు, కొన్ని రోజులల్లనే కంపెనీ అప్లికేషన్ వాపసు తీసుకున్నది. తర్వాత అదే కార్టూనిస్టును సలహాదారుగ పిలుసుకున్నది. సినిమాల అంత ఇజ్జత్‌గ ఆ పండుగ కనిపిస్తదంటే ఆ కొట్లాట గూడ ఒక కారణమని నేననుకుంట. రేపు ఎవలన్న వచ్చి బతుకమ్మ అనే మాటను రిజిస్టర్ చేసుకుంటే, మనం మన బిడ్డ పుట్టినరోజు కేక్ మీద ఆ పేరు రాయించుకోవాలన్నా వాళ్ళనడగాలె. ఇది ఉట్టి ఊహే, కని ఆలోచన చేసి పెట్టుకోవాలె.

*ప్రశ్న: టామ్ అండ్ జెర్రీల అసలు మంచోళ్ళు ఎవరు సార్? మా క్లాసుల అందరు జెర్రీ అంటరు, నాకు టామ్ అంటె పాపం అనిపిస్తది. – తొమ్మిదో తరగతి విద్యార్థిని, పరకాల*

బిడ్డా, నీకు పాపం అనిపించింది కదా, ఆ పాపం యాడనుంచి వచ్చిందో చూద్దాం. వాళ్ళ మొట్టమొదటి సినిమా 1940ల వచ్చింది, ఎంజీఎం కంపెనీల హన్నా, బార్బెరా అనే ఇద్దరు చేసిన్రు. అప్పటికి పిల్లి పేరు టామ్ గూడ కాదు, జాస్పర్. అందుల ఇంటామె పిల్లితోని చెప్తది, ఇంకొక్క సామాను పగిలిందంటే నిన్ను బయటికి వెళ్ళగొడ్త అని. ఆ మాట ఎలుక ఇంటది. ఇగ ఎలుక చేతిల గ్లాసు పట్టుకుంటది, కింద పడేస్త చూడు అన్నట్టు బెదిరిస్తది, పిల్లి ఒణుక్కుంట ఉరికి పట్టుకుంటది. కథంత గదే. ఎలుకకు ఇల్లు ఎట్లున్నా ఒకటే, కన్నంల ఉంటది. పిల్లికి ఆ ఇల్లు ఉద్యోగం. ఉద్యోగం పోతదన్న భయం ఉన్నోణ్ణి ఆ భయం లేనోడు ఎట్ల ఆడిస్తడో చూపించిన్రు. ఇంకా చూడు, ఆ ఇంటామె గూడ చాన సినిమాలల్ల ముఖం కనిపియ్యదు, కాళ్ళు, చీపురే కనిపిస్తయి. ఆమెను నల్లజాతి పనిమనిషి లెక్క, ఎగతాళిగ గీసిన్రని తర్వాత కాలంల చాన విమర్శలు వచ్చినయి, ఆ విమర్శ సరైందే. ఒక్కటి గుర్తుపెట్టుకో, పిల్లిని వెళ్ళగొడ్త అన్న ఆమె గూడ ఆ ఇంట్ల పనికి ఉన్నదే. ఆ సిరీస్‌కు 7 ఆస్కార్లు వచ్చినయి, బొమ్మ కదిలే తీరు అంత గొప్పగ ఉంటది మరి. నీకు టామ్ మీద వచ్చిన పాపం తప్పు కాదు బిడ్డా, మీ ఇంట్ల ఎవరన్న పొద్దుగాల లేటైతదని అన్నం తినకుండ ఉరుకుతుంటే నువ్వు చూసి ఉంటవు.

*ప్రశ్న: నేను డిగ్రీ సెకండియర్. చౌరస్తల ఆరువందలకు టిక్కు మార్కు షూ కొన్న, ఫస్ట్ కాపీ అన్నడు. మా దోస్తు ఒరిజినల్ ఏడువేలు పెట్టి కొన్నడు. నాది చూసి నవ్విండు. రెండిటి మీద గీత ఒక్కటే. ఆ గీతకు అంత విలువ ఎట్ల వచ్చింది? అది మోసమా, నమ్మకమా? – హన్మకొండ*

తమ్ముడూ, నవ్వినందుకు నువ్వు చిన్నబోకు, అడిగిన ప్రశ్న పెద్దది. ఆ నైకీ కంపెనీ గీతను నేను గోడల మీద గూడ గీసిన, బ్రష్ ఒక్కసారి తిప్పి లేపుతె అయిపోతది, కింద సన్నగ మొదలై, బొజ్జ తిరిగి, పైకి లాగాలె, మధ్యల ఆపితే ఆ ఊపు రాదు. 1971ల అమెరికాల పోర్ట్‌లాండ్‌ల చదువుకునే కరోలిన్ డేవిడ్సన్ అనే అమ్మాయి దాన్ని గీసింది, 35 డాలర్లిచ్చిన్రు. కంపెనీ పెద్దగైనంక 1983ల ఆమెకు షేర్లు, ఆ గీత ఉన్న ఉంగరం ఇచ్చిన్రు. నైకీ అంటే గ్రీకోళ్ళ గెలుపు దేవత, రెక్కలున్న అమ్మ, ఆ గీత రెక్క లెక్క ఉరుకుతున్నట్టు ఉండాలని. అంటే గీసిన నాడు దానికి దగ్గర దగ్గర విలువ లేదు. యాభై ఏండ్లు ఆటగాళ్ళ కాళ్ళ మీద, టీవీల, గోడల మీద మళ్ళ మళ్ళ చూపిచ్చి, గెలుపు అనే మాటను దానికి కుట్టిన్రు. నీ దోస్తు ఏడువేలల్ల తోలుకు, కుట్టుకు ఇచ్చిన పైసలు కొన్ని, ఆ యాభై ఏండ్ల చూపుకు ఇచ్చిన పైసలు కొన్ని.

ఇప్పుడు మన మేడారం చూడు. కోమటి దుకాణంల బెల్లం బెల్లమే, కిలోకింత. అదే బెల్లాన్ని మొక్కుకున్నోళ్ళు తమ ఎత్తు తూకం వేయించి, నెత్తి మీద పెట్టుకుని గద్దెల కాడికి తీసుకపోతుంటే దాని పేరు మారిపోతది, బంగారం అంటం. ఎవ్వరు బెల్లం అనరు ఆడ. మా అమ్మమ్మ ఒకసారి నేను నోరుజారి బెల్లం అంటె మూతి మీద ఏలు పెట్టింది. ఆడ విగ్రహం గూడ లేదు, చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంల సమ్మక్క వస్తది, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది, గద్దె మీద వెదురు కర్రలు, గంతే. చూసేటోనికి ఏమీ లేదు, నమ్మినోనికి అన్ని ఉన్నయి. బెల్లానికి ఆ పేరు ఎవరి ప్రకటనతోని రాలే. ఒక తల్లి బిడ్డకు జరం తగ్గాలని మొక్కుకున్నది, తగ్గింది, బిడ్డ ఎత్తు బెల్లం మోసింది, దారిల ఎవ్వరికి అమ్మలేదు, అమ్మ కాడ ఇచ్చి, కొంచెం ప్రసాదం చేసుకుని ఇంటికొచ్చింది, ఊళ్ళె పంచింది. చేతులు మారిన కొద్ది అది బంగారం ఎక్కువైంది.

షూ గీత గూడ నమ్మకమే తమ్ముడూ, మోసం అని నేననను. కాకపోతే ఆ నమ్మకాన్ని కొన్నోడు మల్ల ఎవ్వరికి పంచలేడు, చూపిచ్చుకుంటడు గంతే. నీ దోస్తు నవ్విండు అంటే ఆ షూతోని ఆయనకు చేయగలిగింది అదే ఒకటి మిగిలింది. కని ఒక మాట చెప్త, నువ్వు గూడ ఫస్ట్ కాపీ కొన్నప్పుడు ఆ గీత కోసమే కొన్నవు, గీత లేని షూ ఆ దుకాణంలనే నాలుగువందలకు ఉండె ఉంటది. దోస్తుతోని కొట్లాడకు, ఇద్దరు ఒక్క తీరు ఆశ పడ్డరు.

*ప్రశ్న: మేము గోండులం. 'ఆర్ఆర్ఆర్' సినిమా మా ఊళ్ళె అందరు పోయి చూసినం, కొరడాలతోని కొట్టే సీన్‌ల మా నాయిన ఏడ్చిండు. కని చివరికి భీం నాకు చదువు కావాలె అని రాముణ్ణి అడుగుతడు, రాముడు జెండా మీద జల్ జంగల్ జమీన్ అని రాసిస్తడు. అప్పటిసంది మనసుల ఏదో ముల్లు లెక్క ఉన్నది. నేను ఎక్కువ ఆలోచిస్తున్ననా? – ఒక టీచర్, ఆసిఫాబాద్*

సార్, మీరు ఎక్కువ ఆలోచిస్తలేరు. మీ నాయిన ఏడ్చింది నిజం, మీ మనసుల ముల్లు గూడ నిజం, ఒక్కటే సినిమా రెండు పనులు చేస్తది, ఒకటి చెప్పి ఇంకొకటి కొట్టెయ్యనక్కర్లేదు.

అది కల్పన అని తీసినోళ్ళే చెప్పిన్రు. సినిమాల రాముడైన అల్లూరి సీతారామరాజు 1924ల చనిపోయిండు, కొమురం భీం జోడేఘాట్ కాడ 1940ల. ఇద్దరు కలిసినట్టు చరిత్రల లేదు. కలిస్తె ఎట్లుండు అని అడుగుట కథకు హక్కే. కొరడా సీన్ గొప్పదని నేను గూడ ఒప్పుకుంట, వంగుమంటె వంగకుండ పాట పాడుట, ఆ పాట ఇంటుంటె గుంపు కదులుట, అది బొమ్మతోని చెప్పిన తత్వం. రక్తం కారుతున్న మనిషి పాటను బతికిస్తున్నడు, పాట గుంపును లేపుతున్నది. ఒగ్గు కథ దగ్గర పెరిగినోళ్ళకు ఆ బలం ఏందో విడమర్చి చెప్పనవసరం లేదు.

ముల్లు యాడున్నదంటే ఆ జెండా మీద. ఆ మూడు మాటలు భీం పేరుతోని ముడిపడ్డ మాటలు, మీ పోరాటం పెట్టిన కేక. సినిమాల అవి ఇంకొకల చేతి రాత అయినయి, భీం చేతులు చాపి తీసుకునేటోడైండు. చదువు తెల్వని అమాయకుడు అడుగుతడు, చదువుకున్న వీరుడు ఇస్తడు. కని మనం ఇన్న కొమురం భీం కథ వేరే ఉన్నది, ఊరిడిసి చాందా దిక్కు పోయినప్పుడు అచ్చు పని చేసే ఆయన దగ్గర ఉండి చదువు రాత నేర్చుకున్నడని, అక్షరాలు తానే సంపాదించుకున్నడని. ఇంకా పెద్ద సంగతి, భీం కొట్లాడింది నిజాం సర్కారు అడవి అధికారులతోని, పశువులు మేపుకుంటె పన్ను, పోడు కొట్టుకుంటె కేసు, పండిన పంట గుంజుకపోవుడు. సినిమాల శత్రువు తెల్లదొర అయిండు. తెల్లదొర ఎప్పుడో పోయిండు, అందుకే టాకీసుల అందరం కలిసి చప్పట్లు కొట్టొచ్చు. అడవి అధికారి పోలే, పోడు పట్టా పంచాయతి ఇయ్యాళ్టికీ ఉన్నది. శత్రువును మారిస్తె చూసేటోని బాధ్యత గూడ మారుతది, చిన్న సంగతి కాదు.

రోలాఁ బార్త్ అని ఫ్రాన్స్‌ల ఒకాయన ఉండె, 1957ల సబ్బుల ప్రకటనలు, కుస్తీ పోటీలు, కొత్త కార్ల మీద వ్యాసాలు వేసిండు. ఆయన చెప్పిన ఒక ముచ్చట నాకు చాన పనికొచ్చింది: ఎవలో ఒకరు చేసిన పనిని, పుట్టుకతోని అట్లనే ఉన్నది అన్నట్టు చూపెట్టేదే ఇయ్యాళ్టి పురాణం అని. ఆదివాసి అంటే మంచోడు, బలం ఉన్నోడు, చదువు లేనోడు అని బొమ్మ గీస్తె అది గట్లనే పుట్టిండు అన్నట్టు కనిపిస్తది. చదువు లేకపోవుట ఎవలో చేసిన పని, బడి పెట్టకపోవుట ఒక సర్కారు నిర్ణయం. భీం చనిపోయినంకనే కదా నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది, ఆయన మార్లవాయి ఊళ్ళె మీ వాళ్ళ నడుమ ఉండి, గోండి బడులు, గోండు పంతుళ్ళకు ట్రైనింగు మొదలైంది 1940లల్ల. అంటే చదువు ఒక దోస్తు ఇచ్చిన కానుక కాదు, భీం పానం ఇస్తె వచ్చిన బడి. సినిమాల చివరి సీన్ ఈ లెక్కను తిప్పి రాసింది.

సార్, మీ బడిల పిల్లలకు ఆ సీన్ చూపియ్యుండ్రి, చూపిచ్చినంక జెండా గుడ్డ తెచ్చి, ఆ మూడు మాటలు పిల్లలతోనే, వాళ్ళ చేతులతోనే, గోండిల గూడ రాయించుండ్రి. ఆశ్వయుజ పున్నమి నాడు భీం వర్ధంతికి జోడేఘాట్ పోయేటప్పుడు ఆ జెండా పట్టుకపోండ్రి. నాకు వీలైతె నేనొచ్చి బ్రష్ పట్టుకునుడు నేర్పిస్త, మాటలు మాత్రం వాళ్ళే రాయాలె.

*ప్రశ్న: మా మనుమడు భీముడంటే లడ్డు తిని కొట్టే చోటా భీమే అనుకుంటుండు. బ్యాగు, టిఫిన్ డబ్బా, చెప్పులు అన్ని ఆ బొమ్మయే కావాలె. మహాభారతం గతి ఇంతేనా? – ఒక తాత, జనగామ*

పెద్దయ్యా, ఆ బొమ్మ మన హైదరాబాద్‌ల పుట్టిందే, గ్రీన్ గోల్డ్ కంపెనీల రాజీవ్ చిలక చేసిండు, 2008ల టీవీల మొదలైంది. ఢోలక్‌పూర్ పిలగాడు పాండవుడు కాదు, పేరు, తిండి, బలం మాత్రం భారతం నుంచి అప్పు తెచ్చుకున్నయి. అప్పు తెచ్చుకునుడు తప్పని నేననను. భారతంల భీముని తిండి ఎంత ఉన్నదో మీకు తెలుసు, దుర్యోధనుడు విషం పెట్టి నీళ్ళల్ల తోయిస్తె నాగలోకంల రసం తాగి పదివేల ఏనుగుల బలం తెచ్చుకున్నడు, బకాసురుని బండెడు అన్నం వాని ముంగటనే కూసుండి తిన్నడు. లడ్డు కథకు వేరు ఆడనే ఉన్నది. మనుమనికి ఆ రెండు కథలు చెప్పుండ్రి, టీవీల కంటె అవే మస్తుగుంటయి, విషం కథ ఇన్న పిలగాడు ఎవ్వడు మర్చిపోడు.

నాకు మనసుకు పట్టేది బ్యాగు, చెప్పుల సంగతి. మీ జనగామకు దగ్గరనే చేర్యాల ఉన్నది కదా. నకాషి వాళ్ళు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఆరినంక ఎర్ర నేల మీద గీసే పటం ఎన్నడన్న పూర్తిగ విప్పంగ చూసిన్రా? గజాల కొద్ది ఉంటది, కథ చెప్పేటాయన ఒక్కో గడి విప్పుకుంట పాడుతడు, అయిపోయిన గడి కింద చుట్టుకుంటది, సినిమా రీలు లెక్కనే. పద్మశాలోళ్ళకు కూనపులోళ్ళు మార్కండేయ కథ చెప్తరు, మాదిగోళ్ళకు డక్కలోళ్ళు జాంబపురాణం చెప్తరు, ఏ కులం కథ ఆ కులానికి. పటం ఎవ్వరు కొనరు, కథకునితోనే ఉంటది, పాతగై చినిగితె ఊరికే పారెయ్యరు, పూజ చేసి నీళ్ళల్ల కలుపుతరు. బొమ్మ అప్పుడు వచ్చి, కథ చెప్పి, పోయేది. ఇప్పుడు బొమ్మ ఇంట్లనే ఉంటది, కథ పోయింది. మనుమని చెప్పుల మీద భీముడున్నడు, అరిగితె చెత్తల పడేస్తం.

చేర్యాల బొమ్మలు గూడ ఇప్పుడు మాస్కులు, కీచైన్లు, పెన్నుల స్టాండ్లు అయినయి కదా అని మీరనొచ్చు. అయినయి, కని మిగిలిన ఆ కొన్ని కుటుంబాలు దానితోనే బతుకుతున్నయి, అందుకే నేను కొంటనే ఉంట. ఒకసారి మనుమణ్ణి తోల్కపోండ్రి, వాళ్ళు గీస్తుంటె పక్కన కూసోబెట్టుండ్రి, నకాషాయన కళ్ళు దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టేది వాడు చూడాలె.

*ప్రశ్న: మా ఊళ్ళె టిఫిన్ సెంటర్‌కు కళాతోరణం, కోచింగ్ సెంటర్‌కు కళాతోరణం, పెండ్లి ఫ్లెక్సీకి గూడ కళాతోరణం. గింత వాడితె దాని విలువ తగ్గదా? 2024ల రాష్ట్ర చిహ్నంల నుంచి తీసేస్తమంటె అంత లొల్లి ఎందుకైంది మరి? – టీచరమ్మ, నర్సంపేట*

అమ్మా, ఆ తోరణాన్ని నేను ఎన్ని షట్టర్ల మీద గీసిన్నో లెక్క లేదు. రేకు మీద సుద్దముక్కతోని గళ్ళు కొట్టుకుని, రెండు స్తంభాలు, అడ్డం దూలం, గంతే, అరగంట పని. పైన చివర్లకు హంసలుంటయి, అవి మేము ఇడిసిపెట్టేటోళ్ళం. చిన్నగుంటయి, టైం పడ్తది, షాపాయన పైసలు తక్కువిస్తడు, రోడ్డు మీద పోయేటోనికి కనపడయి. నేను ఇడిసిపెట్టిన, నా తర్వాతోడు నాదాన్ని చూసి గీసిండు, ఆయన తర్వాతోడు కంప్యూటర్ల అదే పెట్టుకున్నడు. చాన యేండ్ల తర్వాత ఆ తోరణం ఉన్న వరంగల్ ఖిలాకు పిల్లలను తీసుకపోయి డ్రాయింగ్ వేయిస్తుంటె ఒక పిలగాడు అడిగిండు, సార్ మీరు బోర్డు మీద వేసినదాంట్ల పక్షులు లెవ్వు కదా అని. ఆ రోజు నాకు నిజంగ బాధైంది. వాడితె విలువ తగ్గది టీచరమ్మా, చూడకుండ వాడితె తగ్గుతది, నేను చేసిన పని అదే.

లొల్లి సంగతి. 2014ల రాష్ట్రం వచ్చినప్పుడు చిహ్నంల కాకతీయ తోరణం, చార్మినార్ రెండు పెట్టుకున్నరు. 2024ల అవి రాచరికం గుర్తులు, వద్దు అని మార్చాలనుకున్నరు, వరంగల్ దిక్కు మస్తు మంది ఒప్పుకోలే, కొత్త చిహ్నం ఆగింది. రాచరికం అన్న వాదన ఉట్టిది కాదు, కాకతీయులు రాజులే, శిస్తు గుంజినోళ్ళే, సమ్మక్క కథ నడిచేదే వాళ్ళ సైన్యం మీద కదా, మేడారం పోయేటోళ్ళకు ఆ సంగతి ఎరికే. కని ఆ రాళ్ళు మోసి చెక్కినోళ్ళు రాజులు కారు, ఇయ్యాళ ఆ బొమ్మను బండి మీద, బడి గోడ మీద గీసుకునేటోళ్ళు గూడ కారు. ఏడువందల ఏండ్లల్ల ఆ గుర్తు చేతులు మారి మారి రాజు చేతినుంచి జారిపోయింది. నేనైతె ఉంచాలనే అంట.

ఖిలాల నడుమకు పోయి చూస్తె తెలుస్తది. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు నిలబడి ఉన్నయి, నడుమ ఉండాల్సిన స్వయంభు శివుని గుడి లేదు, 1323ల ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకున్నంక ఆ గుడి పోయింది, చెక్కిన రాళ్ళు ఆడీడ పడి ఉన్నయి. తోరణాలకు తలుపులు లెవ్వు, అసలు తలుపు పెట్టుటానికి కట్టిన వాకిళ్ళే కావవి. మీరు పిల్లలను తీసుకపోతె ఎండ దిగినంక పోండ్రి, నీడలు పొడుగ్గ పడ్తయి. కాయితం పెన్సిల్ ఇచ్చి ముందు దూలం కింద వేలాడే తామర మొగ్గలు గీయమనుండ్రి, అవి అయినంక తల ఎత్తి పైన హంసలను గీయమనుండ్రి. మెడ ఎట్ల తిరిగి ఉన్నదో చూసి గీయమనుండ్రి, యాదికుంచుకుని గీయొద్దని చెప్పుండ్రి. మంచిగొచ్చిన బొమ్మలు నాకు పంపుండ్రి, వచ్చే నెల ఈ పేజీల వేస్త.